మురుగునీటి కూరమడి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఊరి అంచున ఆకుకూరలు వేసేవారికి ఈ మాట.

మురుగునీరు పారిస్తే ఎరువు ఖర్చు కలిసొస్తుంది, కూర నవనవలాడుతుంది, నిజమే. కాని బ్యాటరీ, లోహపు పనుల నీళ్లు అందులో కలిస్తే సీసం, కాడ్మియం మడిలో చేరతాయి. హైదరాబాదులో మూసీ నీటితో పెరిగిన కూరల్లో ఇవి బయటపడ్డాయి.

సీసం ఎక్కువగా దుమ్ముతో ఆకుకు అంటుతుంది. కడిగితే కొంత పోతుంది. కాడ్మియం వేరునుంచి ఆకులోకెక్కుతుంది. కడిగినా, ఉడికించినా పోదు. ఏళ్ల తరబడి తింటే మూత్రపిండాలు చెడతాయి. కిలో ఆకుకూరలో అది 0.2 మిల్లీగ్రాములు దాటరాదు.

మన నల్లరేగడిలోని సున్నం దాన్ని కొంత పట్టి ఉంచుతుంది. మురుగు ఆగకపోతే అదీ చాలదు.

అటువంటి మడిలో పాలకూర, తోటకూర మానండి. బంతి, చామంతి వేయండి. మామూలు భూసార పరీక్షలో ఈ లోహాలు తేలవు. వీటిని చూడమని ప్రత్యేకంగా అడగండి.

ఆ కూర మన పిల్లలూ తింటారు కదా!