ట్యాబులు విడదీస్తే సరిపోదు

జియోనేమ్స్ అనే ఉచిత సమాచార నిధిలో ప్రపంచంలోని ఊళ్ళు, నదులు, కొండల పేర్లు దేశాలవారీగా టెక్స్ట్ ఫైళ్ళలో దొరుకుతాయి. భారతదేశం ఫైలులో ఒక్కో వరుస ఒక్కో చోటుది. గుర్తింపు సంఖ్య, పేరు, అక్షాంశం, రేఖాంశం, జనాభా వగైరా మొత్తం 19 గడులు. గడికీ గడికీ మధ్య కామా కాక ట్యాబు ఎందుకో నాలుగో గడి చూస్తే తెలుస్తుంది. ఊరి మారుపేర్లన్నీ అక్కడ కామాలతోనే బారులు తీరి ఉంటాయి.

దీన్ని మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లోకి ఎక్కించే పీహెచ్‌పీ స్క్రిప్ట్ పైకి చాలా చిన్నది. ఒక వరుస చదవాలి, ట్యాబుల దగ్గర విడదీయాలి, పట్టికలో చేర్చాలి, తరవాతి వరుసకు పోవాలి. మొత్తం ఫైలును ఒక్కసారే మెమరీలోకి లాగకపోతే చాలు, ఎంత పెద్దదైనా నడుస్తుంది.

చిక్కంతా టెక్స్ట్ ఫైలు తన గురించి తాను ఏమీ చెప్పుకోకపోవడంలో ఉంది. అందులో అంకెలు కూడా అక్షరాలే. సున్నాతో మొదలయ్యే ఫోన్ నంబరును పూర్ణాంకాల గడిలో వేస్తే ఆ సున్నా చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది. సీఎస్‌వీ చదివే పీహెచ్‌పీ ఫంక్షన్‌కు ఇంకో అలవాటుంది: గడి జంట కోట్ గుర్తుతో మొదలైతే, దాని జోడీ దొరికేదాకా ఎన్ని వరుసలున్నా ఒకే గడి కింద మింగేస్తుంది. కోట్‌కు ప్రత్యేకార్థం లేని ఇలాంటి ఫైలుకు, నేనైతే ట్యాబుల దగ్గర నేరుగా విడదీయడమే మేలంటాను.

తెలుగు పేర్ల సంగతి వేరు. ‘లక్ష్మి’ మన లెక్కలో రెండక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఏడు సంకేతాలు, యూటీఎఫ్‌-8లో 21 బైట్లు. మైఎస్‌క్యూఎల్ గడి పొడవును కొలిచేది ఆ ఏడింటితోనే. ఫైలూ పట్టికా యూటీఎఫ్‌-8లోనే ఉన్నా, స్క్రిప్ట్‌కూ డేటాబేస్‌కూ మధ్య కనెక్షన్ లాటిన్‌-1లో ఉంటే పేరు పిచ్చిగీతల్లా మారిపోతుంది.

పేరులో అపాస్ట్రఫీ ఉంటే, దాన్ని యథాతథంగా అతికించిన ఎస్‌క్యూఎల్ వాక్యం అక్కడే విరిగిపోతుంది. దురుద్దేశం ఉన్నవాళ్ళు దూరేదీ ఈ కంతలోంచే. వాక్యాన్ని ముందే సిద్ధం చేసి, విలువలను విడిగా పంపే ‘ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్’ దీనికి మందు.

ఇక వేగం. వరుసకోసారి కమిట్ చేస్తే డిస్కు మీద ప్రతిసారీ రాత పని పడుతుంది. వెయ్యేసి వరుసలను ఒక ట్రాన్సాక్షన్‌గా కడితే పని ఎంతో చురుగ్గా సాగుతుంది, మధ్యలో ఏదైనా తేడా వస్తే ఆ కట్టను వెనక్కి తీసుకోవచ్చు. గుర్తింపు సంఖ్యను ప్రైమరీ కీగా పెడితే స్క్రిప్ట్ రెండోసారి నడిచినా అదే ఊరు రెండుసార్లు చేరదు. బ్రౌజర్ నుంచి కాకుండా కమాండ్ లైన్ నుంచి నడిపితే పీహెచ్‌పీ మామూలుగా విధించే 30 సెకన్ల గడువు బెడదా ఉండదు.