అరికాలి మంట: రోగానిదా, మందుదా?

"పగలంతా బాగానే ఉంటదండి. నడుం వాల్చేసరికి అరికాళ్లు మంటలెత్తిపోతాయి."

గోదావరి ఊళ్లలో షుగరుతో పదేళ్లు గడిపినవాళ్లు చాలామంది చెప్పే మాట ఇది. కొందరికి దుప్పటి అంచు తగిలినా బాధే. కొందరికి సూదులు, కొందరికి చీమలు, ఇంకొందరికి కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియనంత మొద్దు. తడిగుడ్డ చుట్టుకుంటారు, గచ్చుకు పాదాలు ఆనిస్తారు, బకెట్టులో ఐసు వేసుకుని కాళ్లు ముంచుతారు. తెల్లారాక ఆర్‌ఎంపీ దగ్గర ఓ బలం సూది, మందుల షాపులో ఓ నరాల బిళ్ళ.

ఈ డెల్టాకు షుగరు కొత్త కాదు. బైర్రాజు ఫౌండేషన్, సిడ్నీలోని జార్జ్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు కలిసి 20 గోదావరి గ్రామాల్లో 30 ఏళ్లు నిండిన 4,535 మందిని పరీక్షించారు. 2006లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి: 13.2 శాతం మందికి మధుమేహం. పట్నం జబ్బు అనుకుంటున్న రోజుల్లో పల్లెల లెక్క అది. 2023లో ఐసీఎంఆర్ సర్వే దేశం మొత్తం మీద షుగరున్నవాళ్లు 10.1 కోట్లని తేల్చింది. రోగం మొదలై ఏళ్లు గడిచిన కొద్దీ నరాలు దెబ్బతినేవాళ్లు పెరుగుతారు. అన్నిటికంటే పొడవైన నరాలకు ముందు దెబ్బ తగులుతుంది కాబట్టి మంట కాలివేళ్ల దగ్గర మొదలై మేజోడు తొడిగినంత మేర పైకి పాకుతుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. షుగరువాళ్లలో రోగ లక్షణమూ, మందు దుష్ఫలితమూ ఒకేలా కనబడతాయి. దాన్ని విడదీయకుండా బిళ్ళ మీద బిళ్ళ చేర్చుకుంటూ పోవడమే మన దగ్గర జరుగుతున్న పెద్ద పొరపాటు.

భీమవరం బిడ్డ, ఒక విటమిను

షుగరుకు మొదటి బిళ్ళ మెట్‌ఫార్మిన్. చవకైనది, మంచిది, కోట్లమందిని కాపాడింది. అయితే ఏళ్ల తరబడి వాడితే ఆహారంలోని బి12 విటమిను ఒంటికి పట్టడం తగ్గుతుంది. బి12 చాలకపోతే నరాల పైపొర దెబ్బతింటుంది. అప్పుడొచ్చేవి కూడా కాళ్ల తిమ్మిర్లు, మంటలు, తూలు. అంటే రోగం వల్ల రావాల్సిన బాధే రోగానికి వాడే మందు వల్ల కూడా రావచ్చు. పదిమంది వాడితే ఒకరికి దాకా బి12 తగ్గవచ్చని 2022లో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది. తిమ్మిర్లో రక్తహీనతో ఉన్నవాళ్లకు బి12 తప్పక చూడాలని అమెరికా డయాబెటిస్ సంఘమూ చెబుతోంది. ఏ బాధకైనా తోడుగా వేసుకునే గ్యాస్ బిళ్ళ ఏళ్లకేళ్లు సాగితే, అదీ బి12ను తగ్గిస్తుంది. చేప, గుడ్డు, మాంసం ముట్టని ఇళ్లలో ఈ లోటు ఇంకా ఎక్కువ.

ఈ సంగతి చెప్పేటప్పుడు యల్లాప్రగడ సుబ్బారావును తలవకుండా ఉండలేం. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదివి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలకు పరిశోధనల సారథి అయ్యాడు. ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూ అనే పేగుల జబ్బు తోబుట్టువులను బలిగొన్న ఇంట్లోంచి వచ్చినవాడు ఆయన. ఆ జబ్బుకే ఫోలిక్ యాసిడ్ మందయింది. పెర్నిషియస్ ఎనీమియా అనే మొండి రక్తహీనత రోగులకూ దాన్ని ఇచ్చి చూశారు. రక్తం బాగుపడింది, కానీ నరాల జబ్బు ఆగలేదు, కొందరిలో ముదిరింది. నరాలకు కావలసింది బి12 అని తర్వాత తేలింది. దాన్ని అమెరికాలో, బ్రిటన్‌లో విడివిడిగా వేరుచేసింది 1948లో. ఆ ఏడాది ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశాడు.

ఎనభై ఏళ్ల నాటి ఆ పాఠం ఈ రోజుకూ పనికొస్తుంది. ఐరన్, ఫోలిక్ బిళ్ళలు వేసుకుంటున్నవాళ్లకు రక్తపరీక్ష బాగానే ఉండవచ్చు, లోపల నరం మాత్రం దెబ్బతింటూనే ఉండవచ్చు. హిమోగ్లోబిన్ బాగుందని బి12 పరీక్ష మానకూడదు. పరీక్షకు ముందే బలం సూది వేయించుకుంటే లెక్క తారుమారవుతుంది. ముందు పరీక్ష, తర్వాతే సూది. బి విటమినులు కదా, ఎన్ని వేసుకుంటే ఏమనుకోవడమూ తప్పే: బి6 ఎక్కువ మోతాదులో చాలాకాలం వాడితే దానికదే నరాలను పాడుచేస్తుంది. లోటు ఉందని తేలితే బి12 ఇస్తారు, సాధారణంగా మెట్‌ఫార్మిన్ ఆపనక్కర్లేదు.

మగత, వాపు, దాహం

బి12 బాగుండీ మంట ఉంటే నరాల నొప్పికి వేరే మందులున్నాయి. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు ఈ మంట మీద పెద్దగా పనిచేయవు, పైగా కిడ్నీల మీద పడతాయి. డాక్టర్లు సాధారణంగా రాసేవి ప్రీగాబలిన్, గాబాపెంటిన్, డ్యులోక్సిటిన్, అమిట్రిప్టిలిన్. 2022లో లాన్సెట్‌లో అచ్చయిన బ్రిటన్ పరిశోధన ప్రీగాబలిన్, డ్యులోక్సిటిన్, అమిట్రిప్టిలిన్ మూడింటినీ పోల్చి చూసింది. నొప్పి తగ్గించడంలో మూడూ దాదాపు సమానమే. తేడా దుష్ఫలితాల్లోనే: ఒకదానికి తలతిరుగుడు, ఒకదానికి వికారం, ఒకదానికి నోరెండడం. కాబట్టి ఏ బిళ్ళ అన్నది మీ ఒంటిని, మీ పనిని బట్టి తేలాలి. తెల్లవారుజామున బైకు మీద చేపల మార్కెట్టుకు వెళ్లేవాడికి తగిన మందు వేరు, ఇంటిపట్టున ఉండే పెద్దావిడకు వేరు.

ప్రీగాబలిన్‌తో కొందరికి పాదాలు వాస్తాయి, బరువు పెరుగుతారు. మన డెల్టాలో కాలు వాచిందంటే ముందు వచ్చే మాట బోదకాలు. షుగరుకు పయోగ్లిటజోన్, బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నవాళ్లకు ఆ రెండూ వాపు తెస్తాయి, ప్రీగాబలిన్ తోడైతే మరీ. కిడ్నీ, గుండె సంగతీ చూడాలి. వాపును బోదకాలని ఇంట్లోనే తేల్చేసుకోకుండా బిళ్ళల చీటీ డాక్టరు ముందు పెట్టాలి. ప్రీగాబలిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది గనుక క్రియాటినిన్ పెరిగినవాళ్లకు మోతాదు తగ్గించాలి.

అమిట్రిప్టిలిన్ వేసుకున్నవాళ్లకు నోరెండి మాటిమాటికీ నీళ్లు తాగాలనిపిస్తుంది. షుగరు పెరిగిందేమోనని షుగరు బిళ్ళ పెంచేసుకుంటే ప్రమాదం. ప్రోస్టేట్ సమస్య ఉన్న మగవాళ్లకు మూత్రం బిగదీయవచ్చు, గుండెజబ్బు ఉంటే జాగ్రత్త కావాలి. డ్యులోక్సిటిన్ వికారంతో అన్నం సగంలో వదిలేసి, గ్లిమిపిరైడ్ అనే షుగరు బిళ్ళ మాత్రం యథాప్రకారం మింగితే షుగరు పడిపోతుంది. తూలు వస్తే అది నరాల బిళ్ళదా, షుగరు పడిపోవడమా అన్నది ఊహతో తేలదు, గ్లూకోమీటరుతోనే తేలుతుంది.

ఇవన్నీ విని భయపడి మందు మానేయకండి. ఈ మందులు చిన్న మోతాదుతో మొదలై వారాల మీద పెరుగుతాయి, మొదటి మగత చాలామందికి కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది. ఉన్నట్టుండి ఆపితే ఇంకో బాధ. మంట పూర్తిగా పోవడం అరుదు. సగానికి తగ్గి, రాత్రి నిద్ర పడితే ఆ మందు పనిచేసినట్టే. మరొకటి: ఏళ్ల తరబడి మూడువందలున్న షుగరును నెలరోజుల్లో దింపేసినా కొందరికి నరాల నొప్పి ఒక్కసారి ఎగసిపడుతుంది. ఇన్సులిన్ మొదలెట్టాకే మంటలొచ్చాయని సూది మానేసేవాళ్లు ఈ సంగతి తెలుసుకోవాలి. అది కాలక్రమంలో తగ్గుతుంది, మానేసిన ఇన్సులిన్ మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది.

చెప్పుల్లేని కాళ్లు

మంట కంటే భయపడాల్సింది మంట పోవడానికి. మందు లేకుండానే మంట చల్లారిందంటే చాలాసార్లు నరం పూర్తిగా మొద్దుబారిందని అర్థం. అప్పుడు వేణ్నీళ్ల వేడి, ఐసు చలి, వరిమోడు గుచ్చుకోవడం, ఏదీ తెలియదు. కార్తీకంలో మాల వేసుకుని మండలం రోజులు చెప్పుల్లేకుండా నడిచేవాళ్లు, వాడపల్లి వెంకన్నకు ఏడు శనివారాలు ప్రదక్షిణలు మొక్కుకున్నవాళ్లు రోజూ రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్లు చూసుకోవాలి. కంటికి ఆనకపోతే అద్దంలో, లేకపోతే ఇంట్లోవాళ్ల చేత. మొద్దుబారిన కాళ్లున్నవాళ్లు ఉత్తకాళ్ల మొక్కు మొక్కకూడదు. ఈ మాట పీఠాధిపతులూ గురుస్వాములూ చెబితే డాక్టర్ల కంటే ఎక్కువగా చెవికెక్కుతుంది. వాళ్లు చెప్పాలని నా మనవి.

2027లో గోదావరి పుష్కరాలు. మండే మెట్ల మీద, ఇసుక మీద లక్షల కాళ్లు నడుస్తాయి. రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా ఘాట్లలో పెట్టే వైద్య శిబిరాల్లో బీపీ, షుగరుతో పాటు పాదాల స్పర్శ కూడా చూడాలి. అందుకు కావలసింది పది గ్రాముల ఒత్తిడికి వంగే ఓ సన్నటి నైలాన్ తీగ, మనిషికి రెండు నిమిషాలు. స్పర్శ లేదని తేలినవాళ్లకు అక్కడికక్కడే మెత్తని చెప్పులిచ్చి, బి12 పరీక్షకు చీటీ రాసివ్వాలి. ఏర్పాట్లు చేసే అధికారులు ఇప్పుడే ఆ పద్దు రాసుకోవాలి.