విమానం నడపాలంటే మార్కులెన్ని కావాలి?

ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడగానే ప్రతి ఊళ్లోనూ వినిపించే మాట "ఎన్ని మార్కులు?" అన్నదే. ఎక్కువ వచ్చినవాడు డాక్టరో ఇంజనీరో అవుతాడని, తక్కువ వచ్చినవాడు ఏదో ఒక డిగ్రీలో చేరతాడని పెద్దలు రచ్చబండ మీదే తీర్మానం చేసేస్తారు. ఈ లెక్కలోకి ఇటీవల మరో ఉద్యోగం వచ్చి చేరింది. అది విమాన చోదకుని ఉద్యోగం. "పైలట్ కావడానికి మార్కులతో పనేముంది, డబ్బుంటే చాలు" అని ఒకరంటారు. "తొంభై శాతం లేనిదే ఆ గడప తొక్కనివ్వరు" అని మరొకరంటారు. రెండూ నిజం కావు. మొదటి మాట నమ్మితే పొలం పోవచ్చు. రెండో మాట నమ్మితే పిల్లల అవకాశం పోతుంది. కనుక అసలు సంగతి తెలుసుకుని అడుగు వేయడం మంచిది.

గడప దాటడానికి ఎంత?

మన దేశంలో పైలట్లకు లైసెన్సు ఇచ్చేది కేంద్ర ప్రభుత్వపు పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్. దీనినే పొట్టిగా డి.జి.సి.ఏ. అంటారు. జీతానికి విమానం నడపాలంటే కావలసినది వాణిజ్య పైలట్ లైసెన్సు, అంటే సి.పి.ఎల్. దీనికి 18 ఏళ్లు నిండాలి. ఫిజిక్సు, లెక్కలతో ఇంటర్మీడియట్ గాని, దానికి సమానమైన పరీక్ష గాని ప్యాసై ఉండాలన్నది చాలాకాలంగా నడుస్తున్న నియమం. లైసెన్సు కోసం డిగ్రీ అక్కరలేదు. బి.టెక్.లో ఎన్ని సబ్జెక్టులు మిగిలిపోయాయన్నది కూడా లైసెన్సుకు అడ్డు కాదు.

అంటే ఎం.పి.సి. చదివి ప్యాసైనవారికి మొదటి తలుపు తెరిచే ఉందన్నమాట. బై.పి.సి. చదివినవారికి లెక్కలు ఉండవు. సి.ఇ.సి. వారికి రెండూ ఉండవు. అటువంటివారు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా ఆ సబ్జెక్టులు రాసి ప్యాసయ్యే మార్గం ఉంది. ఈ దారిన వచ్చి పైలట్లైనవారు దేశంలో చాలామందే ఉన్నారు.

అయితే లైసెన్సుకు ప్యాసు మార్కులు చాలినా, మంచి శిక్షణ సంస్థలో సీటుకు చాలవు. ఉత్తర ప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్‌లో ఇందిరా గాంధీ రాష్ట్రీయ ఉడాన్ అకాడమీ ఉంది. 1980 దశకంలో కేంద్ర ప్రభుత్వం నెలకొల్పిన సంస్థ అది. అక్కడ చేరాలంటే ఇంటర్‌లో సాధారణ వర్గాలవారికి 50 శాతం, రిజర్వేషన్ వర్గాలవారికి 45 శాతం మార్కులు ఉండాలి. ఆ పైన ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. విమాన సంస్థలు స్వయంగా నడిపే కేడెట్ పైలట్ పథకాల్లోనూ ఇంచుమించు ఇలాగే 50 శాతం పైన అడగడం పరిపాటి. కాబట్టి ఇంటర్‌లో అత్తెసరుగా గట్టెక్కడం కన్నా ఫిజిక్సు, లెక్కలు, ఇంగ్లీషు మూడింటిలోనూ 60 శాతం దాటించుకోవడం క్షేమం.

అసలు మార్కులు ఇక్కడ

ఇంటర్ మార్కులు గడప దాటించేవరకే. ఆ తరువాత లెక్కకు వచ్చేవి డి.జి.సి.ఏ. పరీక్షల మార్కులు. ఆకాశంలో దారి కనుక్కునే విద్య, వాతావరణ శాస్త్రం, విమానయాన నిబంధనలు, విమాన యంత్రాల పరిజ్ఞానం - ఈ పేపర్లు రాయాలి. ఒక్కొక్క పేపరులో 70 శాతం వస్తేనే ప్యాసు. కాలేజీలో 35 మార్కులకు అలవాటుపడినవాడు ఇక్కడ తడబడతాడు. గ్రేసు మార్కుల ఆశ అసలే పనికిరాదు. ఇవి గాక రేడియోలో మాట్లాడేందుకు విడిగా ఒక ధృవపత్రం, ఇంగ్లీషులో మాట్లాడగలిగే స్థాయికి ఒక పరీక్ష ఉంటాయి.

70 శాతం ఎందుకని అడగవచ్చు. పైలట్లలో తరతరాలుగా ఒక లెక్క వాడుకలో ఉంది. విమానం దారి నుంచి ఒక్క డిగ్రీ పక్కకు తప్పితే, 60 మైళ్లు పోయేసరికి ఒక మైలు దూరం పక్కకు పోతుంది. ఆ లెక్కన 1,200 కిలోమీటర్ల ప్రయాణంలో 20 కిలోమీటర్ల తేడా వస్తుంది. ఇది పదో తరగతి త్రికోణమితే. మే నెల ఎండల్లో గాలి పలచబడుతుంది. పలచని గాలిలో రెక్కకు ఆసరా తగ్గుతుంది. అందుచేత విమానం పైకి లేవడానికి ఎక్కువ దూరం పరుగెత్తాలి. ఎంత బరువుతో ఎంత దూరం పరుగెత్తాలో ముందుగానే లెక్క చూసుకోవాలి. ఇది ఫిజిక్సు. ఉరుములు మెరుపులతో వచ్చే కారుమబ్బు లోపల గాలి ఏ తీరున పైకీ కిందికీ పోతుందో తెలియాలి. ఇది వాతావరణ శాస్త్రం. వెనుక కూర్చున్న వంద, రెండు వందల ప్రాణాలు ఈ లెక్కల మీద ఆధారపడి ఉంటాయి.

మార్కుల జాబితాలతో ఆటలాడితే ఏమవుతుందో 2011లో దేశమంతా చూసింది. ఆ ఏడాది జనవరిలో గోవా విమానాశ్రయంలో ఒక విమానం వెనుక చక్రాలకు బదులు ముందు చక్రం మీద దిగింది. ఆ పైలట్ దిగే తీరుపై విచారణ జరుపుతూ పోగా, కెప్టెన్ స్థాయి లైసెన్సు కోసం నకిలీ మార్కుల జాబితా పెట్టిన సంగతి బయటపడింది. దాంతో డి.జి.సి.ఏ. వేలాది లైసెన్సులను తిరగదోడింది. మరికొందరు దొరికారు. అరెస్టులు జరిగాయి, లైసెన్సులు రద్దయ్యాయి. పరీక్షలో తప్పినవాడు మళ్లీ రాసుకోవచ్చు. దొంగ కాగితం పెట్టినవాడికి ఆ దారి మూసుకుపోయినట్టే.

200 గంటల చేతి పని

సి.పి.ఎల్.కు పుస్తకం ఒక్కటే సరిపోదు. 200 గంటలు విమానం ఎగరేసి ఉండాలి. అందులో 100 గంటలు తానే బాధ్యత వహించి నడపాలి. ఒక్క ప్రయాణమైనా 300 నాటికల్ మైళ్లకు తగ్గకుండా, దారిలో రెండు వేరువేరు విమానాశ్రయాల్లో దిగుతూ చేయాలి. అది సుమారు 555 కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి విశాఖపట్నానికి ఆకాశమార్గాన ఉన్న దూరం కన్నా ఎక్కువే. రాత్రిపూట ఎగరడం, బయట ఏమీ కనిపించనప్పుడు పరికరాలు చూసి నడపడం కూడా వీటిలో భాగమే.

లైసెన్సు వచ్చిన తరువాత విమాన సంస్థలు చేసే ఎంపికలో రాత పరీక్ష, మనస్తత్వ పరీక్ష, ఇంటర్వ్యూ, విమానం నమూనా యంత్రంలో కూర్చోబెట్టి చేసే పరీక్ష ఉంటాయి. ఇంటర్వ్యూ చేసేవారికి ఇంటర్ మార్కుల కన్నా అభ్యర్థి ఇప్పుడు చెప్పే సమాధానాలే ముఖ్యం. ఇంజను ఒకటి ఆగిపోతే ముందు ఏం చేస్తావని అడిగితే, తొణకకుండా వరుస తప్పకుండా చెప్పగలగాలి. తోటి పైలట్ పెద్దవాడైనా అతని పొరపాటును మర్యాదగా, ఆలస్యం చేయకుండా ఎత్తిచూపగలగాలి. పెద్దల ఎదుట నోరు మెదపకపోవడమే వినయమనుకునే పల్లె పిల్లలు ఈ ఒక్క అలవాటు మార్చుకోక తప్పదు.

మార్కులున్నా తలుపు తెరవని రోజులూ ఉండేవి. 1947లో వాణిజ్య లైసెన్సు సంపాదించిన ప్రేమ్ మాథుర్‌ను ఆడమనిషి అన్న కారణంతో అనేక విమాన సంస్థలు కాదన్నాయి. చివరకు ఆమెకు ఉద్యోగమిచ్చింది మన హైదరాబాద్‌కు చెందిన దక్కన్ ఎయిర్‌వేస్. ఆమె 1949లో జాతీయ విమాన పందెంలో గెలిచారు. ఇప్పుడు భారతదేశ పైలట్లలో స్త్రీల శాతం ప్రపంచ సగటు కన్నా బాగా ఎక్కువ. కాబట్టి ఆడపిల్లకు ఫిజిక్సు, లెక్కలు ఎందుకనే మాటకు ఇక చోటు లేదు.

అమెరికాలో ఏం చేస్తారు?

అమెరికాలో చాలాకాలం పెద్ద విమాన సంస్థలు నాలుగేళ్ల డిగ్రీ అడిగేవి. 2022 జనవరిలో డెల్టా సంస్థ డిగ్రీ తప్పనిసరి అనే షరతును ఎత్తివేసింది. 2009లో బఫెలో నగరం దగ్గర జరిగిన విమాన ప్రమాదం తరువాత అక్కడ చట్టం మారింది. విమాన సంస్థలో చేరాలంటే సాధారణంగా 1,500 గంటలు ఎగిరిన అనుభవం కావాలి. గుర్తింపు పొందిన కళాశాలలో నాలుగేళ్ల విమానయాన డిగ్రీ చేసినవారికి మాత్రం 1,000 గంటలు చాలు. ఆ విధంగా అక్కడి చదువు 500 గంటల మేరకు వెసులుబాటు ఇస్తుంది. విదేశంలో శిక్షణ పొంది తిరిగివచ్చిన మన పిల్లలు ఇక్కడి లైసెన్సు కోసం డి.జి.సి.ఏ. పరీక్షలు కొన్ని మళ్లీ రాయాలి. అక్కడే ఉద్యోగం చేయాలంటే ఆ దేశంలో పని చేసే హక్కు ఉండాలి. శిక్షణకిచ్చే వీసా ఒక్కదానితో ఆ ఉద్యోగం రాదు.

డబ్బు సంగతి

ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించవలసింది ఖర్చు గురించే. ఫుర్సత్‌గంజ్ అకాడమీలోనే ఫీజు 45 లక్షల స్థాయిలో ఉంది. వసతి, పన్నులు అదనం. లైసెన్సు చేతికొచ్చాక ఎయిర్‌బస్, బోయింగ్ వంటి పెద్ద విమానానికి ప్రత్యేక శిక్షణ పొందాలి. దానికి మరికొన్ని లక్షలవుతాయి. 50 లక్షల అప్పు నూటికి ఏడాదికి 10 రూపాయల వడ్డీకి తెచ్చారనుకుందాం. ఏడాదికి వడ్డీయే 5 లక్షలు. నెలకు 41 వేల పైమాట. ఉద్యోగం రెండేళ్లు ఆలస్యమైతే 10 లక్షలు వడ్డీకే పోతాయి.

ఆలస్యం కావడం అరుదు కూడా కాదు. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఎగరడం ఆపేశాయి. అలా ఒక సంస్థ మూతపడినప్పుడల్లా అనుభవజ్ఞులైన పైలట్లు ఒక్కసారిగా ఉద్యోగాల వేటలో పడతారు. కొత్తగా లైసెన్సు పొందినవాడు వారి వెనుక నిలబడాలి. మరోవైపు పైలట్ల విశ్రాంతి నియమాలు అమలుకు వచ్చాక, 2025 డిసెంబరులో సరిపడా పైలట్లు లేక ఇండిగో సంస్థ విమానాలు వేల సంఖ్యలో రద్దయ్యాయి. ఈ ఉద్యోగాలకు కరువూ వరదా రెండూ ఉన్నాయన్నమాట. వాన మీద ఆధారపడి బతికే రైతుకు ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

అప్పు లేని దారి

డబ్బు లేని ఇంటి పిల్లలకు భారత వైమానిక దళం ఉంది. అక్కడ శిక్షణకు ఫీజు లేదు. ఇంటర్‌లో ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు చదివి, పదహారున్నర నుంచి పందొమ్మిదిన్నర ఏళ్ల లోపు వయసున్నవారు నేషనల్ డిఫెన్స్ అకాడమీ పరీక్ష రాయవచ్చు. 2022 నుంచి ఆడపిల్లలకూ అక్కడ శిక్షణ ఇస్తున్నారు. డిగ్రీ అయ్యాక రాసే ఏఫ్‌క్యాట్ పరీక్షలో మాత్రం కాలేజీ మార్కులకు గట్టి విలువ ఉంది. పైలట్ శాఖకు డిగ్రీలో 60 శాతం తప్పనిసరి. 59 శాతం వచ్చినవారికి దరఖాస్తు పెట్టే అర్హతే ఉండదు. డిగ్రీ మొదటి ఏడాది నుంచే ఈ సంగతి గుర్తుంచుకోవాలి. విజయనగరం జిల్లా కోరుకొండలో 1962 నుంచి నడుస్తున్న సైనిక్ స్కూలు పిల్లలను ఇటువంటి పరీక్షలకు చిన్ననాటి నుంచే తయారు చేస్తోంది. వైమానిక దళంలో సేవ ముగించి, తరువాత పౌర విమానాలు నడుపుతున్నవారూ ఉన్నారు.

ముందు ఏది, తరువాత ఏది?

ఫీజు కట్టడానికి ముందే వైద్య పరీక్ష చేయించుకోవాలి. డి.జి.సి.ఏ. గుర్తించిన డాక్టర్ల దగ్గర మొదట రెండో తరగతి పరీక్ష, ఆ పైన మొదటి తరగతి పరీక్ష జరుగుతాయి. కళ్లద్దాలున్నంత మాత్రాన అవకాశం పోదు. రంగులు గుర్తించడంలో లోపముంటే మాత్రం కష్టం. ఆ సంగతి పొలం అమ్మకముందే తెలిస్తే ఇల్లు నిలబడుతుంది.

రెండోది కాగితాలు. డి.జి.సి.ఏ. పరీక్ష రాయడానికి ముందు కంప్యూటర్ నంబరు తీసుకోవాలి. దానికి పదో తరగతి, ఇంటర్ మార్కుల జాబితాలు నిజమైనవేనని బోర్డు ఇచ్చే ధృవీకరణ కావాలి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక పేరు, ఆధార్‌లో మరో పేరు ఉంటే ముందే దిద్దించుకోవాలి.

మూడోది పరీక్షలు. వీలైతే ఎగిరే శిక్షణకు పెద్ద మొత్తం కట్టేముందే డి.జి.సి.ఏ. పేపర్లు రాసి చూడాలి. వీటికయ్యే ఖర్చు ఎగిరే శిక్షణతో పోలిస్తే చాలా తక్కువ. 70 శాతం తెచ్చుకోగలడో లేదో అక్కడే తేలిపోతుంది.

నాలుగోది శిక్షణ సంస్థ ఎంపిక. ఎగిరే శిక్షణ సంస్థలకు 2025 అక్టోబరు నుంచి డి.జి.సి.ఏ. శ్రేణులు ఇవ్వడం మొదలుపెట్టింది. వాటిని చూసుకోవాలి. అక్కడ విమానాలెన్ని, వాటిలో ఎగరగలిగేవెన్ని, నిరుడు చేరినవారిలో 200 గంటలు పూర్తిచేసినవారెందరు అని అక్కడి విద్యార్థులనే అడగాలి. మొత్తం ఫీజు ఒకేసారి కట్టకుండా, ఎగిరిన గంటలను బట్టి వాయిదాల్లో కట్టడం మేలు. "సీటు ఖాయం, ఉద్యోగం ఖాయం" అని చెప్పే దళారీ ఎంత తియ్యగా మాట్లాడినా రసీదు లేనిదే రూపాయి ఇవ్వరాదు.

ఐదోది డిగ్రీ. లైసెన్సుకు అక్కరలేకపోయినా దూరవిద్య ద్వారా ఒక డిగ్రీ పూర్తిచేసి ఉంచుకోవడం వివేకం. ఆరోగ్యం ఎప్పుడు ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరు? వైద్య పరీక్షలో తప్పిన రోజున ఆ డిగ్రీయే అన్నం పెడుతుంది.

ఇంటర్‌లో 55 శాతం వచ్చిందని పిల్లవాడిని చిన్నబుచ్చవలసిన పని లేదు. 95 శాతం వచ్చిందని కన్ను, చెవి, ధైర్యం పరీక్షించకుండా అప్పు చేయవలసిన పని అంతకన్నా లేదు. ఇంటర్ మార్కుల జాబితా పరీక్ష హాలు తలుపు దాకా తీసుకువెడుతుంది. ఆ తరువాత పైలట్ సీటు దాకా పోవడం ఆ పిల్లవాడి కష్టం మీద, ఆ పిల్ల పట్టుదల మీద ఆధారపడి ఉంటుంది.