ఉచిత కరెంటు, ఉమ్మడి నీరు

చిల్లకల్లు, జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతం సాగర్ ఎడమ కాలువ చివరి ఆయకట్టు. కాలువ నీరు అందని మెట్ట పొలానికి బోరే దిక్కు. 2004 మేలో ఉచిత విద్యుత్తు వచ్చాక, మోటారు ఎన్ని గంటలు తిరిగినా అర్హుడైన రైతుకు బిల్లు పెరగదు. పంట గిట్టుబాటు కాని రోజుల్లో ఆ ఆదాను తప్పుపట్టడం అన్యాయం. కానీ ఉచితంగా వచ్చింది కరెంటే. దాంతో తోడే నీరు ఒక్కరి సొత్తు కాదు. భూగర్భంలో గట్లుండవు, లోతైన బోరు ఆపకుండా నడిస్తే పక్క చేను బోరు ముందుగా ఎండుతుంది. అప్పు చేసి మళ్లీ తవ్వించే భారం చిన్న రైతుపైనే పడుతుంది.

కరెంటు అర్ధరాత్రి ఇస్తే, అది రాగానే మోటారును దానంతటదే తిప్పే ఆటో స్టార్టర్ పెట్టక ఏం చేస్తారన్న ప్రశ్న సబబే. మోటారు అవసరానికి మించి తిరిగితే ఆ తప్పు రైతుది కాదు, సరఫరా వేళలది. పగటిపూట కరెంటు వస్తున్నప్పుడు మాత్రం ఆ సాకు చెల్లదు. నేనొక్కణ్ణి మోటారు ఆపితే మిగిలిన నీరు పొరుగువాడు తోడేస్తాడుగా అన్నది ఇంకా గట్టి వాదన. అందుకే ఈ నీటి పొదుపు ఒంటరి త్యాగం కాకూడదు, ఊరంతా కలిసి చేసుకునే కట్టుబాటు కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని కరువు జిల్లాల్లో రైతులే బోర్ల నీటిమట్టం కొలిచి, ఆ లెక్క చూసుకుని రబీ పంట ఎంచుకున్నారు. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) బోరుకు అనుమతి అడుగుతుంది గానీ, రోజూ మోటారు ఎప్పుడు ఆపాలో చెప్పదు. రబీకి ముందే రైతులు గ్రామసభలో కూర్చుని ఆ మాట తేల్చుకోవాలి.