సజీవ సైకతం

ఇసుకతో తెలుగువారికి గల అనుబంధం బాల్యంలోనే మొదలవుతుంది. ఏటి ఒడ్డున తడి ఇసుకలో పాదం దాచి పిచ్చుకగూళ్ళు కట్టని పిల్లలు పల్లెల్లో అరుదు. జనం కిక్కిరిసిన చోటును వర్ణించవలసి వస్తే ఇసుక వేస్తే రాలనంతమంది ఉన్నారంటారు. జరగని పనిని ఇసుక నుంచి నూనె పిండడంతో పోలుస్తారు. ఈ మాటలన్నింటిలోను ఇసుక జడపదార్థమే. ప్రాణం లేనిది, సారం లేనిది. కాని పగడాల సముద్రం అడుగున ఉండే ఇసుకను పరిశీలించినవారికి ఈ అభిప్రాయం అసమగ్రమని తెలుస్తుంది. అక్కడ ఇసుక కొన్ని ప్రాణులకు ఇల్లు, కొన్నింటికి ఆహారశాల, కంటికి కనిపించని కోట్ల సూక్ష్మజీవులకు నివాసం. ఆ సముద్రాన్ని గాజుతొట్టిలో పునఃసృష్టించాలనుకొనేవారు మొదట తేల్చుకోవలసిన విషయాలలో ఇసుక ఎంపిక ఒకటి.

పగడం రత్నమని లోకప్రసిద్ధి. నవరత్నాలలో దానికి స్థానముంది. నిజానికి పగడం ఒక జీవి నిర్మించే కట్టడం. సముద్రజలం నుంచి కాల్షియాన్ని గ్రహించి, తన చుట్టూ సున్నపు గూడు కట్టుకొనే అతి చిన్న ప్రాణుల సమూహమే పగడం. ఇటువంటి గూళ్ళు వేల సంవత్సరాలుగా ఒకదానిపై ఒకటి పేరుకొనగా ఏర్పడినవి ప్రవాళ భిత్తికలు. భారతదేశంలో లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులు, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ ప్రాంతాలలో ఇవి ఉన్నాయి. సజీవమైన శిలలను, పగడాలను, చేపలను ఉప్పునీటి తొట్టిలో కలిపి పెంచే సహజ పద్ధతిని ఇండొనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ 1961లో ఒక పత్రికా వ్యాసం ద్వారా లోకానికి పరిచయం చేశాడు. తరువాతి దశాబ్దాలలో ఆ విద్య అనేక దేశాలకు వ్యాపించింది. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదు వంటి నగరాలలో కూడ నేడు ఇటువంటి తొట్లు కనిపిస్తున్నాయి.

ఇసుకను ఎన్నుకొనే ముందు పగడాల సముద్రంలో ఇసుక ఎలా పుడుతుందో తెలుసుకోవడం అవసరం. నదుల ఇసుక కొండరాళ్ళు అరిగిపోగా ఏర్పడుతుంది. పగడాల దీవులలోని తెల్లని ఇసుక మాత్రం ప్రాణుల శరీరాల నుంచి వస్తుంది. చిలుకముక్కు వంటి దృఢమైన నోరుగల చిలుకచేప పగడపు శిలను గీకి, దాని మీద పెరిగే నాచు మొదలైనవాటిని తింటుంది. ఆ ఆహారంతో పాటు లోపలికి పోయిన సున్నపురాయి పొడి అయి ఇసుకగా బయటికి వస్తుంది. మాల్దీవులలోని వక్కరు దీవి వద్ద జరిపిన పరిశోధన 2015లో ప్రచురితమైంది. అక్కడ కొత్తగా ఏర్పడే ఇసుకలో 85 శాతానికి పైగా చిలుకచేపల వల్లనే వస్తున్నదని అందులో తేలింది. హాలిమీడా అనే సున్నపు నాచు, గవ్వలు, సూక్ష్మజీవుల పెంకులు మిగిలిన భాగాన్ని సమకూరుస్తాయి. బహామా దీవుల వద్ద మరొక వింత కనిపిస్తుంది. వెచ్చని లోతులేని నీటిలో అలల తాకిడికి దొర్లే చిన్న రేణువు చుట్టూ సున్నం పొరలు పొరలుగా చేరి, గుండ్రని నున్నని ఇసుక తయారవుతుంది.

ఈ ఇసుకలో ప్రధాన పదార్థం కాల్షియం కార్బొనేట్. అది ఎక్కువగా అరగొనైట్ అనే స్ఫటిక రూపంలో ఉంటుంది. పగడాలు తమ గూళ్ళను కట్టేది కూడ అరగొనైట్‌తోనే. ఆంధ్రతీరంలోని ఇసుక దీనికి పూర్తిగా భిన్నమైనది. గోదావరి, కృష్ణా నదులు తెచ్చి పోసిన ఇసుకలోను, తూర్పు కనుమల శిలలు అరిగి విశాఖపట్నం, భీమునిపట్నం తీరాలకు చేరిన ఇసుకలోను సిలికా అధికం. భీమునిపట్నం ప్రాంతపు ఇసుకలో ఇల్మనైట్, గార్నెట్, జిర్కాన్, మోనజైట్ వంటి బరువైన ఖనిజాలు కూడ కలిసి ఉంటాయి. తీరంలో అక్కడక్కడా కనిపించే నల్లని చారలు వాటివే. సముద్రపు ఇసుక కనుక సముద్రపు చేపకు సరిపోతుందని ఎవరైనా ఒక సంచి నింపి తెచ్చి తొట్టిలో పోస్తే అది పొరపాటే అవుతుంది. శుభ్రమైన సిలికా విషం కాదు. అది నీటిలో దాదాపు కరగదు. అయితే తీరపు ఇసుకతో పాటు ఏయే వ్యర్థాలు, ఏయే లోహాలు వస్తాయో చూపుతో చెప్పడం సాధ్యం కాదు. మానవుడికి హాని చేయనంత స్వల్పమైన రాగి కూడ పగడాలకు, రొయ్యలకు, నత్తలకు ప్రాణాంతకం కాగలదు.

ఇసుక స్వభావాన్ని తెలుసుకోవడానికి ఇంట్లోనే చేయదగిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. చెంచాడు ఇసుక మీద కొద్దిగా వెనిగర్ పోస్తే, అది సున్నపు ఇసుక అయిన పక్షంలో బుడగలు పొంగుతాయి. సిలికా ఇసుకలో ఏ మార్పూ ఉండదు. అక్కడక్కడా మాత్రమే బుడగలు వస్తే అవి గవ్వముక్కలని గ్రహించాలి. పొడి ఇసుకలో అయస్కాంతాన్ని తిప్పి చూడడం రెండవ పరీక్ష. అయస్కాంతానికి అంటుకొనే రేణువులు ఉన్న ఇసుకను వదలివేయాలి. అటువంటి రేణువులు నీటిని తిప్పే మోటారులోని అయస్కాంతానికి పట్టి దానిని అరగదీస్తాయి. అద్దం తుడిచే అయస్కాంతానికి చిక్కి గాజుపై గీతలు పెడతాయి. గాజుసీసాలో ఇసుక, నీరు పోసి కుదిపి ఉంచడం మూడవ పరీక్ష. నీరు ఎంతసేపటికి తేటపడుతుందో చూస్తే అందులో ఉన్న దుమ్ము ఎంతో తెలుస్తుంది.

అరగొనైట్ ఇసుక గురించి ప్రచారంలో ఉన్న ఒక అపోహను ఇక్కడ తొలగించవలసి ఉంది. ఆ ఇసుక కరిగి పగడాలకు కావలసిన కాల్షియాన్ని నిరంతరం అందిస్తుందని పలువురు నమ్ముతారు. సముద్రజలపు పి.హెచ్. విలువ సుమారు 8.1. వెచ్చని సముద్రాల పైపొరల నీటిలో కాల్షియం కార్బొనేట్ సంతృప్తస్థాయిని మించి ఉంటుంది. అటువంటి నీటిలో అరగొనైట్ కరగదు. ఇసుకపొర లోతులలో సూక్ష్మజీవుల చర్య వల్ల ఆమ్లత పెరిగినచోట మాత్రమే కొంత కరుగుతుంది. సముద్రజలంలో లీటరుకు సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. తొట్టిలోని పగడాలు పెరిగేకొద్దీ ఆ పరిమాణం తగ్గుతుంది. దానిని తరచు పరీక్షించి, లోటును పెంపకందారు స్వయంగా పూరించాలి. ఇసుక మీద భారం వేసి నిశ్చింతగా ఉన్న తొట్టిలో పగడాల ఎదుగుదల ఆగిపోతుంది.

స్వభావం తరువాత గమనించవలసినది రేణువు పరిమాణం. 1 మిల్లీమీటరు కంటె చిన్న రేణువులు గల మెత్తని ఇసుక చూపునకు అందంగా ఉంటుంది. వ్యర్థాలు దాని పైభాగాన నిలిచిపోతాయి కనుక వాటిని తొలగించడం సులభం. కాని నీటి ప్రవాహం బలంగా ఉన్న తొట్టిలో అది లేచి పగడాల మీద పడుతుంది. ఇసుక కప్పిన పగడానికి వెలుతురు అందదు. దాని కణజాలం క్రమంగా నశిస్తుంది. 3 మిల్లీమీటర్లకు మించిన ముతక రేణువులు చెదరవు గాని, వాటి సందులలో తిండి మిగుళ్ళు, చేపల విసర్జనలు చేరి కుళ్ళుతాయి. అందువల్ల 1 నుంచి 2 మిల్లీమీటర్ల రేణువులు ఎక్కువ తొట్లకు అనుకూలంగా ఉంటాయి. కొమ్మలుగా పెరిగే పగడాలలో పెక్కింటికి ఉద్ధృతమైన ప్రవాహం కావాలి. వాటిని మాత్రమే పెంచదలచినవారిలో కొందరు తొట్టి అడుగున ఇసుకే వేయరు. అదీ ఆలోచించి తీసుకొన్న నిర్ణయమే.

ఇసుకపొర మందం విషయంలో నిపుణుల అభిప్రాయాలు కాలంతో పాటు మారుతూ వచ్చాయి. చేపల విసర్జనల నుంచి పుట్టే అమోనియా విషపదార్థం. దానిని కొన్ని సూక్ష్మజీవులు నైట్రైట్‌గాను, మరికొన్ని నైట్రేట్‌గాను మారుస్తాయి. ఈ మార్పులకు ప్రాణవాయువు అవసరం. కాబట్టి ఇవి ఇసుక పైపొరలలోను, శిలల ఉపరితలం మీద జరుగుతాయి. ప్రాణవాయువు అందని లోతైన పొరలలో వేరొక జాతి సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నత్రజనిగా మార్చి నీటి నుంచి వెలుపలికి పంపుతాయి. ఈ సూత్రం ఆధారంగా ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త జాన్ జోబేర్ 1980 దశకంలో ఒక పద్ధతిని రూపొందించాడు. తొట్టి అడుగున చిల్లుల పలక అమర్చి, దాని మీద మందంగా ఇసుక పరచి, పలక కింద కదలని నీటిపొరను ఉంచడం ఆ పద్ధతి. తరువాత పలక లేకుండానే 10 సెంటీమీటర్లకు పైగా ఇసుక పరిచే విధానం ప్రచారంలోకి వచ్చింది. అయితే లోతైన ఇసుకలో ఏళ్ళ తరబడి వ్యర్థాలు చేరితే, కుళ్ళిన గుడ్డు వాసన గల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు పుట్టవచ్చు. అటువంటి పొరను ఒక్కసారిగా కదిలిస్తే చేపలకు ప్రాణాపాయం. అందుచేత నేడు చాలామంది 2 నుంచి 5 సెంటీమీటర్ల మందంతో సరిపెట్టుకొని, నైట్రేట్ నివారణకు శిలలను, నీటి మార్పిడిని, ఇతర సాధనాలను ఆశ్రయిస్తున్నారు.

ఇంతవరకు చెప్పిన లెక్కలన్నింటికంటె ముఖ్యమైనది ఆ ఇసుకలో బ్రతకబోయే ప్రాణి అవసరం. ర్యాస్ జాతి చేపలలో పెక్కు రాత్రివేళ ఇసుకలో దూరి నిద్రిస్తాయి. భయం కలిగినప్పుడు కూడ వాటికి ఇసుకే రక్షణ. గరుకైన ఇసుకలో దూరిన చేప ఒళ్ళు చీరుకుపోతుంది. ఇసుక లేని తొట్టిలో దానికి దాగే చోటే ఉండదు. కొన్ని గోబీ చేపలు ఇసుకను నోట నింపుకొని, అందులోని ఆహారాన్ని వడగట్టి, మొప్పల గుండా ఇసుకను వదలుతాయి. వాటికి మెత్తని ఇసుకే కావాలి. మరికొన్ని గోబీలకు పిస్టల్ రొయ్యతో విచిత్రమైన స్నేహం. రొయ్యకు చూపు తక్కువ. అది నిరంతరం ఇసుక తోడుతూ బొరియను బాగుచేస్తుంది. చేప గుమ్మం వద్ద కాపలా కాస్తుంది. రొయ్య తన మీసాన్ని చేప శరీరానికి ఆనించి ఉంచుతుంది. ఆపద కనిపించగానే చేప తోక కదిలిస్తుంది; ఇద్దరూ బొరియలోకి చేరుకొంటారు. ఆ బొరియ కూలకుండా నిలవాలంటే సన్నని ఇసుకలో చిన్న పగడపు ముక్కలు, గవ్వలు కూడ కలిసి ఉండాలి. చూసేవారి కంటికి ఒకే తీరుగా మెరిసే ఇసుక అందంగా తోచవచ్చు. ఆ రొయ్యకు మాత్రం అది ఇల్లు నిలవని నేల.

ఇసుకను ఎన్నుకొన్న తరువాత పరిమాణాన్ని లెక్కించుకోవాలి. ఉదాహరణకు 90 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు గల తొట్టిలో 4 సెంటీమీటర్ల మందాన ఇసుక పరచాలంటే 16,200 ఘన సెంటీమీటర్లు, అనగా సుమారు 16 లీటర్ల ఇసుక కావాలి. లీటరు ఇసుక సుమారు ఒకటిన్నర కిలోలు తూగుతుందనుకొంటే అది 24 కిలోలు. పొడి ఇసుకను నీరు తేటగా వచ్చేవరకు పలుమార్లు కడిగి వాడాలి. సూక్ష్మజీవులతో కూడి తడిగా లభించే సజీవ సైకతాన్ని కుళాయినీటితో కడిగితే ఆ జీవులు నశిస్తాయి. శిలలను ముందుగా తొట్టి అడుగున స్థిరంగా అమర్చి, తరువాతనే ఇసుక పోయాలి. ఇసుక మీద శిలలు పేర్చితే, ఇసుక తవ్వే ప్రాణులు వాటి ఆధారాన్ని తొలిచివేస్తాయి. అప్పుడు శిల కూలి చేప మీదనో, గాజు మీదనో పడవచ్చు.

ఇసుక పోసిన మరునాడే చేపను వదలడం తగదు. సూక్ష్మజీవులు వృద్ధి చెందడానికి సాధారణంగా కొన్ని వారాలు పడుతుంది. అమోనియా, నైట్రైట్ రెండూ లేవని పరీక్షలో తేలేవరకు వేచి ఉండాలి. తొలి వారాలలో ఇసుక మీద గోధుమరంగు పొర కనిపించడం సహజం. అది డయాటమ్ అనే సూక్ష్మ నాచు వల్ల ఏర్పడుతుంది. దానిని చూసి ఇసుక చెడిపోయిందని తలచి మొత్తాన్ని తీసివేసేవారు, నెలకొనబోతున్న జీవవ్యవస్థను తమ చేతులతోనే నాశనం చేసుకొంటారు. అనేక సందర్భాలలో ఆ పొర క్రమంగా తగ్గిపోతుంది.

ఇసుక ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న కూడ చిన్నది కాదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం రక్షణ పొందే జీవుల పట్టికలో దిబ్బలను నిర్మించే పగడాలను భారత ప్రభుత్వం 2001లో చేర్చింది. భారత సముద్రజలాల నుంచి వాటిని సేకరించడం నేరం. తీరపు ఇసుక తవ్వకాన్ని తీరప్రాంత నియంత్రణ మండల నిబంధనలు 1991 నుంచి నియంత్రిస్తున్నాయి. కాబట్టి తొట్టిలోకి వచ్చే ఇసుక, శిల, పగడం చట్టసమ్మతమైనవేనని విచారించుకొన్న తరువాతనే కొనాలి. ఇంటిలో ఒక చిన్న సముద్రాన్ని నిలపడానికి అసలు సముద్రాన్ని కొల్లగొట్టడం న్యాయం కాదు.

సముద్రంలోని చేపకు తన నేలను వెదుక్కొనే స్వేచ్ఛ ఉంది. ఒకచోటు నచ్చకపోతే అది మరొకచోటికి పోగలదు. తొట్టిలోని చేపకు ఆ అవకాశం లేదు. మానవుడు పరిచిన నాలుగు సెంటీమీటర్ల ఇసుకే దానికి భూమి. అందువల్ల ఆ ఇసుకను చూసే కన్నుతో కాక, అందులో జీవించే ప్రాణిని తలచుకొని ఎన్నుకోవాలి. పిచ్చుకగూడు కట్టే పిల్లవాడు ఆట ముగిశాక దానిని విడిచి ఇంటికి వెళ్ళవచ్చు. గాజుతొట్టిలో గూడు కట్టి ప్రాణులను చేర్చుకొన్నవాడికి అలా విడిచి వెళ్ళే హక్కు లేదు.