రాతిమీద వానరాత్రి

తెల్లకాగితం మీద కొవ్వొత్తితో మీ పేరు రాయండి. అక్షరాలు కనబడవు. ఇప్పుడు దానిపై పలచని నీలిరంగు నీళ్ళు పూయండి. మైనం ఉన్నచోట నీళ్ళు నిలవవు. మీ పేరు తెల్లగా బయటపడుతుంది! నూనెజిడ్డుకూ నీటికీ పడదన్న ఈ సూత్రంతోనే ఒక చిత్రకారుడు పారిస్ నగరాన్ని రాతిమీద గీసి, నూరేసి ప్రతులు తీయించాడు.

ఆయన పేరు పియర్ బొన్నార్ (1867-1947). న్యాయశాస్త్రం చదివి, దాన్ని వదిలి కుంచె పట్టిన ఫ్రెంచి చిత్రకారుడు. 1899లో ఆయన పారిస్ జీవనదృశ్యాల సంపుటి ఒకటి వెలువడింది. ముఖచిత్రంతో కలిపి 13 రంగుల శిలాముద్రణ చిత్రాలు. వాటిలో ఒకటి వాన కురిసే రాత్రి వీధి. నీడల్లాంటి మనుషులు, దీపాల పచ్చని వెలుగు, తడిసిన నేలమీద ఆ వెలుగు జాడలు. ఇంతా చేసి, వాడిన రంగులు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

రాతితో అచ్చువేయడం ఎవరు కనిపెట్టారు? జర్మనీలోని మ్యూనిక్‌లో పెరిగిన ఎలోయిస్ సెనెఫెల్డర్. తండ్రి చనిపోవడంతో చదువు మానుకుని నాటకాలు రాశాడు. వాటిని అచ్చువేయించే స్తోమత లేదు. రాగిరేకులు ఖరీదైనవి. అందుకని చవకగా దొరికే సున్నపురాతి పలకలతో ప్రయత్నాలు మొదలుపెట్టాడు. 1796లో ఒకనాడు చేతికి కాగితం అందక, చాకలిపద్దును మైనం, సబ్బు, మసి కలిపిన సిరాతో రాతిమీదే రాశాడట. ఆ దారినే వెళ్ళి, 1798 నాటికి అసలు శిలాముద్రణను సాధించాడు.

అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. నున్నగా అరగదీసిన రాతిమీద జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీస్తారు. సున్నపురాయి అంటే కాల్షియం కార్బొనేట్. జిడ్డులోని కొవ్వు ఆమ్లాలు ఈ కాల్షియంతో కలిసి నీటిలో కరగని కాల్షియం సబ్బుగా మారతాయి. కఠినజలంలో సబ్బు రుద్దితే నురగ రాకుండా తెట్టు కడుతుందే, అదే ఇది! తరువాత కాస్త నత్రికామ్లం కలిపిన తుమ్మబంక పూస్తారు. దానితో బొమ్మ లేని భాగం నీటిని పట్టి ఉంచుతుంది. రాతిని తడిపి, జిడ్డుసిరా రోలరు దొర్లిస్తే, సిరా బొమ్మకే అంటుతుంది. కాగితం పరచి ఒత్తితే అచ్చు సిద్ధం. అయితే కుడి ఎడమవుతుంది కనుక, బొమ్మను అద్దంలో కనిపించేట్టు తిరగేసి గీయాలి.

రంగుల బొమ్మ కావాలంటే ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ప్రతి కాగితం అన్ని రాళ్ళ మీదా నలగాలి. ఒక రంగు వెంట్రుకవాసి జరిగినా దీపమొకచోట, వెలుగొకచోట పడతాయి. అందుకే ప్రతి రాతికీ సరిచూసుకునే గుర్తులుంటాయి. బొన్నార్ చిత్రాలను ఇంత ఓర్పుతో అచ్చువేసినవాడు ఆగస్ట్ క్లో. గొప్ప చిత్రానికి కుంచె పట్టే చేయి ఒక్కటే చాలదు, రోలరు దొర్లించే చేయీ కావాలి.

శిలాముద్రణకు పేరెన్నికగన్న రాయి జర్మనీలోని సోల్న్‌హోఫెన్ ప్రాంతానిది. దాని రేణువులు అతి సన్ననివి. ఆ గనుల్లోనే దొరికిన ఒక ఈక శిలాజం 1861లో వెలుగులోకి వచ్చింది. పక్షుల పుట్టుకను తెలిపే ఆ ప్రాణికి ఆర్కియోప్టెరిక్స్ లిథోగ్రాఫికా అని పేరు పెట్టారు. కోట్ల ఏళ్ళ కిందటి ఈక గీతలను దాచిన రాయి, చిత్రకారుడి గీతను దాచలేదా?

మన దేశంలో రవివర్మ 1894లో బొంబాయిలో ముద్రణాలయం పెట్టి, లక్ష్మీ సరస్వతుల చిత్రాలను ఈ రాళ్ళతోనే ఇంటింటికీ చేర్చాడు. నేడు పత్రికలను అచ్చువేసే ఆఫ్‌సెట్ యంత్రాల్లో రాయి పోయి లోహపు రేకు వచ్చింది. సూత్రం మాత్రం అదే.

అన్నట్లు, అచ్చు పూర్తయ్యాక ఆ రాతిని అరగదీసి, దానిమీదే మరో బొమ్మ గీసేవారు. రాయి ఖాళీ అవుతుంది. వానరాత్రి మాత్రం కాగితం మీద నిలిచిపోతుంది.