చలిదేశంలో పురుడు పోయబోయే అమ్మలకు



మన నల్లగొండలో, పాలమూరులో మే నెల వచ్చిందంటే 44, 45 డిగ్రీల ఎండ. గదిని ఎట్లా చల్లబరచాలా అన్నదే మన బాధ. అలాంటి మనం గదిని వెచ్చబరచడం గురించి మాట్లాడుకోవడమేమిటి అని మీరు నవ్వుకోవచ్చు. కాని మీ వీధిలో ఒక్కసారి లెక్కవేసి చూడండి. కూతురో కోడలో లండనులోనో అమెరికాలోనో ఉన్న ఇల్లు ఒకటైనా తగులుతుంది. పురుటికి రమ్మని పిలుపు రాగానే మనం కాయం, మిరియాలు, మెత్తని పాత చీరలు సర్దుకొని విమానం ఎక్కుతాం. అక్కడి ఇంట్లో గోడమీద ఉండే చిన్న మీట సంగతి మాత్రం మనకు ఎవరూ చెప్పరు.

మా పెద్దక్కది మిర్యాలగూడ. కూతురు పురుటికని చలికాలంలో ఇంగ్లండు వెళ్ళింది. మొదటి రాత్రే ఆమెకు ఇల్లంతా మంచుగడ్డలాగా తోచింది. "బాలింతకు సలి తగిలితె ఎట్ల బిడ్డా?" అంటూ గోడమీది మీటను 30 దాకా తిప్పేసింది. పైగా పసివాడికి టోపీ, రెండు దుప్పట్లు. అత్తగారికి ఎదురు చెప్పలేక అల్లుడు ఊరుకున్నాడు. మర్నాడు బాలింతను, బిడ్డను చూసిపోవడానికి నర్సు ఇంటికి వచ్చింది. పసివాడి మెడ వెనక చెయ్యి పెట్టి చూస్తే చెమట. ఒళ్ళంతా ఎర్రగా కందిపోయి ఉంది. గదిలో 27 డిగ్రీలు! ఆమె టోపీ తీసేసి, ఒక దుప్పటి తీసేసి, మీట తగ్గించింది. "పెద్దమ్మా, నిద్రపోయే పసిబిడ్డకు చలి ఎంత చెడ్డదో అతివేడి కూడా అంత చెడ్డది" అని నచ్చజెప్పిందట. మా అక్క ఇప్పటికీ ఆ మాట తలచుకొని గుండెమీద చెయ్యి వేసుకుంటుంది.

నర్సు చెప్పినది ఊరికే బెదిరింపు కాదు. శిశువులు నిద్రలో హఠాత్తుగా చనిపోయే ప్రమాదాన్ని అతివేడి పెంచుతుందని వైద్యులు గుర్తించారు. అందుకే బ్రిటన్‌లో ఈ విషయంపై పనిచేసే లల్లబీ ట్రస్ట్ అనే సంస్థ, పసిబిడ్డ పడుకునే గది 16 నుంచి 20 డిగ్రీల మధ్య ఉండాలంటుంది. చలిదేశాల్లో ఇల్లు కనీసం 18 డిగ్రీలైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. ఈ రెండూ కలిపి చూసుకుంటే 18కి, 20కి మధ్య అని గుర్తు పెట్టుకోవచ్చు. బిడ్డ చేతులు, కాళ్ళు చల్లగా ఉండడం మామూలే. మెడ వెనకగాని రొమ్ముమీదగాని చెయ్యి పెట్టి చూడాలి.

ఇక ఆ ఇళ్ళు ఎలా వెచ్చబడతాయో చూద్దాం. మన ఇళ్ళల్లో స్నానాలకు రాగి బాయిలరు ఉండేది కదా! అక్కడా బాయిలరే, కాకపోతే గ్యాసుతో నడుస్తుంది. అందులో కాగిన నీళ్ళను ఒక చిన్న పంపు గొట్టాల ద్వారా ఇల్లంతా తిప్పుతుంది. ప్రతి గదిలోనూ కిటికీ కింద ఇనుప పలకలాంటిది ఒకటి ఉంటుంది. దాన్ని రేడియేటర్ అంటారు. వేడినీళ్ళు అందులోనుంచి పోతూ గదికి వెచ్చదనం ఇచ్చి, చల్లబడి మళ్ళీ బాయిలరు చేరుకుంటాయి. అమెరికాలో ఎక్కువ ఇళ్ళకు నీళ్ళకు బదులు వేడిగాలి వస్తుంది. బోస్టన్, న్యూయార్క్ వంటి ఈశాన్యపు ఊళ్ళలోని పాత ఇళ్ళలో మాత్రం ఈ నీళ్ళ పద్ధతి బాగా కనిపిస్తుంది.

ఈ వేడిని అదుపు చేసే మీటలు ముఖ్యంగా రెండు.

మొదటిది గోడమీది థర్మోస్టాట్. ఇది మనకు కొత్తదేమీ కాదు, మన ఇస్త్రీపెట్టెలో ఉన్నదే. రెండు రకాల లోహపు రేకులను అతికించి పెడతారు. వేడికి ఒకటి ఎక్కువగా, ఒకటి తక్కువగా సాగుతుంది గనుక రేకు వంగుతుంది, కరెంటు తెగుతుంది. చల్లారితే మళ్ళీ తగులుకుంటుంది. ఇప్పుడు చాలావాటిలో రేకులకు బదులు ఎలక్ట్రానిక్ భాగాలు వచ్చాయి గాని, పని అదే. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు ఉపాధ్యాయుడు వారెన్ జాన్సన్ 1883లో గది థర్మోస్టాట్‌కు పేటెంటు తీసుకున్నాడు. అప్పటిదాకా బడి నౌకరు తరగతి తరగతికీ వచ్చి వేడి చూసుకొని, కిందికి దిగి పొయ్యి సరిచేయవలసి వచ్చేదట!

రెండోది రేడియేటరుకే ఒక పక్కన ఉండే గుండ్రని బిరడా. దానిమీద 1 నుంచి 5 దాకా అంకెలుంటాయి. దీనికి కరెంటుతో పనే లేదు. లోపల మైనమో, ఏదో ద్రవమో ఉన్న చిన్న గుళిక ఉంటుంది. గది వేడెక్కితే అది ఉబ్బి నీటి దారిని మూస్తుంది, చల్లబడితే ముడుచుకొని దారి తెరుస్తుంది. సాధారణంగా 3 అంటే సుమారు 20 డిగ్రీలు.

ఈ రెండింటి సంబంధం మన సాగర్ ఎడమకాలువ కింది రైతులకు ఇట్టే అర్థమవుతుంది. గోడమీది థర్మోస్టాట్ కాలువ గేటు. రేడియేటరు బిరడా మడి తూము. కాలువలో నీళ్ళు లేనిదే తూము ఎంత ఎత్తినా మడి తడవదు. ఇంకొక చిక్కు కూడా ఉంది. గేటు తిప్పే మనిషి ఒక్క మడి దగ్గరే కూచుని, దాని తూము మూసి ఉందని తెలియక, "ఇంకా తడవలేదే" అని గేటు తెరిచే ఉంచాడనుకోండి! అందుకని థర్మోస్టాట్ ఉన్న గదిలో, సాధారణంగా అది హాలు, బిరడాను పూర్తిగా తెరిచి ఉంచాలి. మిగతా గదుల్లో మాత్రం అవసరాన్ని బట్టి తగ్గించుకోవచ్చు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఇది. మీటమీది అంకె వేగం కాదు, హద్దు. 30 పెట్టినంత మాత్రాన ఇల్లు తొందరగా వెచ్చబడదు. నీళ్ళు కాగి గది వెచ్చబడడానికి పట్టే సేపు పడుతుంది. 20 దగ్గర ఆగవలసింది ఆగకుండా పోతుంది, అంతే. మా అక్క చేసిన పొరపాటు ఇదే. పొద్దున్నే వెచ్చగా కావాలనుకుంటే అంకె పెంచకండి. లేవడానికి అరగంటో గంటో ముందు మొదలయ్యేట్టు గడియారం పెట్టమని పిల్లలకు చెప్పండి.

మరికొన్ని జాగ్రత్తలు. థర్మోస్టాట్ దగ్గర దీపంగాని టీ కెటిల్‌గాని పెట్టకండి. అది ఇల్లంతా వెచ్చబడిందని భ్రమపడి బాయిలరును ఆపేస్తుంది. తడిబట్టలు, పరదాలు బిరడామీద పడనీయకండి. పిల్లవాడి ఉయ్యాలను రేడియేటరుకు ఆనించకండి. మంచు కురిసే రోజుల్లో ఊరు వెళ్తూ బాయిలరును పూర్తిగా ఆపేయకండి. గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి పగిలిపోవచ్చు.

బాలింతకు, బిడ్డకు నిప్పులు రాజేసి సాంబ్రాణి పట్టడం మన ఆచారం. మన ఇళ్ళల్లో వాకిలి, కిటికీలు తెరిచి ఉంటాయి. అక్కడ చలికి అన్నీ మూసి ఉంటాయి. అలాంటి గదిలో బొగ్గుల కుంపటి పెడితే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ నిండి నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దయచేసి ఆ పని మాత్రం చేయకండి. వేడినీళ్ళ స్నానం, ఒంటినిండా ఉన్నిబట్టలు బాలింతకు చాలు.

అమెరికా వెళ్ళేవారు ఇంకొకటి గమనించండి. అక్కడ ఫారెన్‌హీట్ లెక్క. 68 అని కనిపిస్తే గాభరా పడకండి, అది మన 20 డిగ్రీలే.

ఏ దేశమూ పోని వారికి కూడా ఈ మాట పనికివస్తుంది. ఎండాకాలం ఏసీని 16కు పెడితే గది తొందరగా చల్లబడుతుందని మనవాళ్ళూ అనుకుంటారు. అదీ హద్దే. 2020 జనవరి నుంచి మన దేశంలో కొత్త ఏసీలు వేయగానే 24 చూపించాలని ప్రభుత్వం నియమం పెట్టింది కూడాను.

మా అక్క ఈమధ్య రెండో మనవరాలి పురుటికి మళ్ళీ వెళ్ళివచ్చింది. "ఈసారి మీట ముట్టలేదు చెల్లె, మెడ ఎనక చెయ్యి పెట్టి చూసిన" అంది. మీరు కూడా అట్లాగే చూడండి.